చిన్న దుకాణదారులు పన్ను ఆడిట్ అవసరం రాకుండా లెక్కలు ఎలా సిద్ధం చేసుకోవాలి?

కిరాణా, బట్టలు, హార్డ్‌వేర్ వంటి దుకాణాలను సొంత పేరుతో నడిపేవారికి, 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి వర్తించే పద్ధతి ఇది.

ముందుగా ఏడాది అమ్మకాలను నగదుగా వచ్చినవి, యూపీఐ లేదా బ్యాంకు ద్వారా వచ్చినవి అని రెండుగా విడదీయాలి. టర్నోవరు, అంటే ఏడాది మొత్తం అమ్మకాలు, 2 కోట్ల రూపాయలు దాటకపోతే, నగదు వసూళ్లు 5 శాతానికి మించనివారికైతే 3 కోట్లు దాటకపోతే, ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద చిట్టా, ఆవర్జా రాయకుండా, ఆడిట్ చేయించకుండా, నగదు అమ్మకాలపై 8 శాతాన్ని, మిగిలినవాటిపై 6 శాతాన్ని లాభంగా చూపవచ్చు. ఉదాహరణకు 90 లక్షల అమ్మకాల్లో 70 లక్షలు యూపీఐ ద్వారా వస్తే లాభం 4.20 లక్షలు, 1.60 లక్షలు కలిపి 5.80 లక్షలవుతుంది, వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలోని రిబేటు (పన్ను తగ్గింపు) వల్ల పన్ను పడదు. కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి ఈ సదుపాయం లేదు.

ఈ శాతాలు కనీస పరిమితులు మాత్రమే. నిజంగా మిగిలింది ఎక్కువైతే ఎక్కువే చూపాలి, 5.80 లక్షలు చూపిన ఏడాదే పాతిక లక్షల స్థలం కొంటే, ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు 44ఏడీ జవాబు కాదు.

ఈ పద్ధతిని ఎంచుకోవడం తొందరపడి తీసుకోకూడని నిర్ణయం. ఒకసారి ఈ పద్ధతిలోకి వచ్చి, తరువాతి ఐదేళ్లలో ఎప్పుడైనా అంతకన్నా తక్కువ లాభం చూపితే, ఆపై ఐదేళ్లు ఇది అందుబాటులో ఉండదు. ఆ కాలంలో ఆదాయం పన్ను పడని కనీస పరిమితిని దాటిన ఏడాదల్లా పుస్తకాలు రాసి ఆడిట్ చేయించవలసిందే. లాభాలు నిలకడగా లేని వ్యాపారులు ఈ చిక్కును ముందే ఆలోచించుకోవాలి.

తరువాత ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదికను తెరిచి, పద్దు పద్దుకూ సరిపోల్చాలి. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి 10 లక్షలు, అంతకు మించిన నగదు జమలు, 30 లక్షలు, ఆపై విలువగల స్థిరాస్తి లావాదేవీలు శాఖకు నేరుగా తెలుస్తాయి. జీఎస్టీ రిటర్నులోని టర్నోవరుకూ, ఈ పద్ధతివారు నింపే ఆదాయపు పన్ను రిటర్ను ఫారం ఐటీఆర్-4లో వేసిన టర్నోవరుకూ పొంతన లేకపోవడం నోటీసును కోరి తెచ్చుకోవడమే. మీది కాని లావాదేవీ కనిపిస్తే అక్కడే అభ్యంతరం నమోదు చేయాలి.

నగదు విషయంలో ఒకే వ్యక్తి నుంచి ఒక రోజులో 2 లక్షలు, అంతకు మించి తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. చేబదులుగానైనా 20,000 రూపాయలు, ఆపై నగదు తీసుకోకూడదు.

పన్ను పడేవారు ముందస్తు పన్నును మార్చి 15లోగా ఒకే విడతలో కట్టవచ్చు. రిటర్ను పంపాక పొరపాటు తెలిస్తే గడువులోగా సవరించాలి. ఆ గడువు దాటితే, వదిలేసిన ఆదాయాన్ని అదనపు పన్నుతో చూపేందుకు నాలుగేళ్ల వరకు అప్‌డేటెడ్ రిటర్ను అవకాశం ఉంది.