మాటలు రాని మా బాబుకు ముందు చెవులు చూపించాం

మూడేళ్లు నిండినా మా బాబు రెండు మూడు మాటలు తప్ప పలికేవాడు కాదు. ఏం కావాలన్నా వేలితో చూపించేవాడు. "మగపిల్లలకు ఆలస్యమేలే, వాళ్ల నాన్నా అంతే" అని మా అత్తయ్య ధైర్యం చెప్పేవారు. నాకు మాత్రం టెన్షన్ తగ్గలేదు.

అంగన్‌వాడీ టీచర్ చెబితే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందుగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం) వెళ్లాం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలను అక్కడ ఉచితంగా చూస్తారు. స్పీచ్ థెరపీ కంటే ముందు వినికిడి పరీక్ష రాశారు. పిలిస్తే తిరిగి చూసే పిల్లలకూ ఇది అవసరమే. కర్ణభేరి వెనక నీరు చేరితే పెద్ద శబ్దాలు వినిపిస్తాయి గానీ 'స', 'ష' లాంటి సన్నటి ధ్వనులు సరిగా అందవు. మావాడికి అదే తేలింది. చెవికి వైద్యం అయ్యాక థెరపీ మొదలైంది.

ఇంట్లో ప్రశ్నలు తగ్గించమన్నారు థెరపిస్టు. "ఇదేంటి? చెప్పు" అని వెంటపడితే పిల్లలు బిగుసుకుపోతారట. వాడు "నీళ్లు" అంటే మేం "చల్లటి నీళ్లు" అని ఒక మాట కలుపుతాం, తర్వాత ఆగి వాడికి సమయమిస్తాం. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఈ ఆగడమే.

తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఒక ప్రైవేటు సెంటర్‌లో అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంటి భాష వల్ల మాటలు ఆగిపోవు. ప్రైవేటుకు వెళ్తే థెరపిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఇలాంటి నిపుణులను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో తప్పకుండా అడగండి. హైదరాబాద్ వైపు వాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇప్పుడు బాబు చిన్న వాక్యాలు చెబుతున్నాడు. 'క' బదులు 'త' ఇంకా వస్తోంది, దాని మీద సాధన చేయిస్తున్నాం.