కొచ్చిలో సాయంత్రం బోటు: లేటైతే ఎక్కకండి

మొన్న మా పిన్ని కొడుకు శబరిమల నుంచి తిరిగొస్తూ ఎర్నాకుళంలో, అంటే కొచ్చి ఊళ్లో రైల్వే స్టేషన్లున్న వైపు, ఒక రోజు ఆగాడు. అక్కడ నీళ్ల ఒడ్డున ఉండే మెరైన్ డ్రైవ్‌లో బోటెక్కిన వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ "సూపర్ రా" అన్నారు. నేను మూడుసార్లు చూశాను. పై డెక్కు నిండా జనం, అందరూ ఒకే పక్క రెయిలింగుకు ఆనుకుని ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. వాడి ఐదేళ్ల కూతురు బల్ల మీద నిలబడి ఉంది. వెనక మూలన నారింజ రంగు లైఫ్ జాకెట్లు కుప్పగా ఉన్నాయి, కట్టిన తాడు కూడా విప్పలేదు. వెలుతురు చూస్తే సూర్యుడు దిగి చాలాసేపైంది. ఫోన్ చేస్తే, "బజార్లో లేటైందన్నా, మేం బుక్ చేసుకున్న బోటు వెళ్లిపోయింది, పక్కన ఇంకోడు రండి రండి అంటే ఎక్కేశాం" అన్నాడు.

ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది. ఎనిమిదేళ్లుగా కొచ్చిలో ఉంటున్నా, మన వైపు నుంచి వచ్చే చుట్టాలను తిప్పే డ్యూటీ నాదే. నవంబరు నుంచి సంక్రాంతి దాకా స్వాములూ సెలవులకొచ్చే కుటుంబాలూ ఒక్కసారే వస్తారు. నీళ్లలో చేతులు పెట్టొద్దు, వాన పడుతుంటే వెళ్లొద్దు లాంటివి మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే తప్పు గురించి: లేటుగా వచ్చి, దొరికిన బోటు ఎక్కేయడం.

ఇది ఎలా జరుగుతుందంటే, ఆ రోజు ఎవరికీ తొందర ఉండదు. దర్శనం అయిపోయింది, రైలు రాత్రికి. బ్రాడ్‌వే బజార్లో అరటికాయ చిప్స్, మిరియాలు, యాలకులు, ఎవరికో మాత్రలు, ఫోన్ చార్జరు అంటూ తిరుగుతూ తిరుగుతూ చూస్తే ఐదున్నర అయిపోతుంది. అప్పుడు పరుగు మొదలవుతుంది. పరుగెత్తుకొచ్చినవాడు బోటు చూడడు, లెక్క అడగడు, జాకెట్ అడగడు. ఖాళీ ఉందా లేదా అంతే.

విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో 2017 నవంబరు 12న మునిగిన బోటు గుర్తుందా? కార్తీక మాసం, ఆదివారం, హారతి చూడాలన్న ఆత్రం, అనుమతి లేని ప్రైవేటు బోటు. 20 మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఇక్కడ కేరళలోనే తానూరులో 2023 మే 7న, అదీ ఆదివారమే, పొద్దు గుంకాక బయల్దేరిన బోటు తిరగబడి 22 మంది చనిపోయారు. పరిమితికి మించి ఎక్కించుకున్నారు, పైగా అది చేపల బోటును మార్చి చేసిందని తర్వాత తేలింది. రెండు చోట్లా జనం ఎక్కింది సాయంత్రం పూటే.

రోజును ఇలా సర్దుకోండి. నీళ్లకు అవతలి పక్కనున్న పాత ఊరు, ఫోర్ట్ కొచ్చి, మట్టంచేరి, పొద్దున్నే ముగించండి (శుక్రవారం మట్టంచేరి ప్యాలెస్ ఉండదు, శనివారం యూదుల ప్రార్థన మందిరం ఉండదు, ముందే చూసుకోండి). మధ్యాహ్నానికి ఎర్నాకుళం వైపు వచ్చేయండి. అటు పక్కే ఉండిపోయి సాయంత్రం రోడ్డున వద్దామనుకుంటే తోప్పుంపడి ట్రాఫిక్ మిమ్మల్ని మింగేస్తుంది. కొనాల్సినవన్నీ బ్రాడ్‌వేలోనే దొరుకుతాయి, అక్కణ్నుంచి మెరైన్ డ్రైవ్‌కు నడిచి రావచ్చు. నాలుగున్నరకల్లా రేవు దగ్గర ఉండాలి. డిసెంబరులో ఇక్కడ ఆరుంపావు లోపే పొద్దు గుంకుతుంది, ఆ తర్వాత ఇరవై నిమిషాల్లో నీళ్ల మీద ఏమీ కనబడదు.

అంత ముందు రావడం దేనికంటే, బోటును చూడటానికి. పక్కన రిజిస్ట్రేషన్ నంబరు, లోపల ఎంతమంది ఎక్కవచ్చో రాసిన బోర్డు ఉండాలి. పై డెక్కు లెక్క వేరు, కింద లెక్క వేరు. బరువంతా పైకి చేరితే బోటు తూగుతుంది, ఇక సూర్యుడి కోసం అందరూ పడమర పక్కకే పోతే చెప్పక్కర్లేదు. బోటు నడిపేవాడితో మాటలు కలపండి, మన గోదారి సరంగునే ఇక్కడ స్రాంక్ అంటారు. అతను "ఎత్ర పేర్?" అంటే మీ పేరు అడుగుతున్నాడనుకోకండి, ఎంతమంది అని అర్థం. ఆ ప్రశ్నే అడగని బోటు ఎక్కకండి.

మరీ లేటైపోయిందా? హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో, అంటే టికెట్టు బోటు సర్వీసు, ఉంది. గేటు దగ్గరే లెక్కపెట్టి పంపుతారు, నిండితే ఆపేస్తారు, ఎదురుగా ఉన్న వైపిన్ దీవి దాకా వెళ్లి రావచ్చు, టికెట్టు కొద్ది రూపాయలే. అదీ కుదరకపోతే మెరైన్ డ్రైవ్ గట్టు మీద కూర్చోండి. అదే సూర్యుడు, పైసా ఖర్చు లేదు.

ఇక మిగతావి వరసగా రాసేస్తున్నా.

జాకెట్ ఎక్కగానే వేసుకోండి, "బయల్దేరాక వేసుకుందాం" అనొద్దు. బకిల్స్ అన్నీ పెట్టండి. పిల్లలకు పిల్లల సైజే, పెద్దది వేస్తే నీళ్లలో తల మీంచి ఊడొస్తుంది. పిల్లల సైజు లేదంటే దిగిపోండి. చిన్నపిల్లను ఒంటికి చున్నీతో కట్టుకోవద్దు. కింద ఏసీ గదిలో కూర్చుంటే తలుపు ఎటుందో, కిటికీ తెరుచుకుంటుందో ముందే చూసుకోండి.

నవంబరులో మధ్యాహ్నం దాటాక తులావర్షం (ఇక్కడి ఈశాన్య రుతుపవనాల వాన) ఉరుములు వస్తాయి, తూర్పున నల్లబడితే టికెట్ డబ్బులు వదిలేయండి. ఇది చెరువు కాదు, పెద్ద ఓడలు వచ్చిపోయే దారి. ఓడ దాటాక వచ్చే అలకు నిలబడినవాడే పడతాడు, కూర్చోండి. ముంబైలో 2024 డిసెంబరు 18న ఎలిఫెంటా వెళ్లే ఫెర్రీని నేవీ స్పీడ్ బోటు గుద్దింది పట్టపగలు, నీళ్లు ప్రశాంతంగా ఉన్నప్పుడే. నేవీ స్థావరం వైపు ఫోటోలు తీయొద్దు. బ్యాగులు బోటు మీదికి తేవద్దు, స్టేషన్ క్లోక్‌రూములో పెట్టండి. ఎర్నాకుళంలో నార్త్ (టౌన్), సౌత్ (జంక్షన్) రెండు స్టేషన్లు, టికెట్ మీద ఏదుందో చూసి మరీ పెట్టండి. బోటు దిగే టైముకీ రైలుకీ మధ్య కనీసం మూడు గంటలు ఉంచండి. తాగి ఎక్కొద్దు. తాగినవాడు నడిపేది ఎక్కొద్దు. రెయిలింగు మీద కూర్చోవద్దు. సెల్ఫీ కోసం పిల్లను ఎత్తి పట్టుకోవద్దు. "ఇంకో నలుగురే అన్నా, సర్దుకోండి" అంటే మీరు లేచి దిగిపోండి.

లైట్లు వెలిగాక "లాస్ట్ ట్రిప్పు, లాస్ట్ ట్రిప్పు" అని అరిచేవాడి వైపు అసలు చూడకండి.