టీమ్ ఆటల్లో ర్యాంకు ఎలా తేలుతుంది, దాన్ని ఎలా చదువుకోవాలి

అయిదుగురేసి రెండు జట్లుగా ఆడే తుపాకీల వీడియో ఆట వాలరెంట్‌లో మ్యాచ్ ముగిసిన వెంటనే తెర మీద కనిపించే ర్యాంకు ఒకటి, తర్వాతి మ్యాచ్‌లో మీకు ఎదురుగా ఎవరిని నిలపాలో తేల్చే అంకె మరొకటి. మొదటిది ఐరన్ నుంచి రేడియంట్ వరకు ఉన్న తొమ్మిది శ్రేణుల్లో మీ స్థానం. రెండోది ఎంఎంఆర్ (మ్యాచ్‌మేకింగ్ రేటింగ్) అని అందరూ పిలిచే, ఆటగాళ్లెవరికీ చూపించని అంచనా. ర్యాంకు పెంచుకోవాలనుకునేవారు ముందుగా గ్రహించవలసింది ఏమిటంటే, కనిపించే ర్యాంకు ఆ దాగిన అంకెను వెంబడిస్తుంది. దాన్ని ఒక్కోసారి చాలా ఆలస్యంగా అందుకుంటుంది.

ఈ లెక్కలకు మూలం చదరంగంలో ఉంది. హంగరీలో పుట్టి, అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో రూపొందించిన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 చివర్లో 2800 దాటాడని సంబరపడ్డాం కదా, అది ఆ ఎలో రేటింగే. ఇద్దరి రేటింగుల మధ్య తేడాను బట్టి ఎవరికి ఎంత గెలుపు అవకాశం ఉందో ముందే లెక్కగట్టి, ఫలితం ఆ అంచనాకు ఎంత దూరంగా వస్తే అన్ని ఎక్కువ పాయింట్లు చేతులు మారేలా చేయడమే ఇందులోని కిటుకు. తేడా 100 ఉంటే పైవాడికి గెలుపు అవకాశం దాదాపు 64 శాతం, 200 ఉంటే 76, 400 ఉంటే 91. ఒక ఆటకు గరిష్ఠంగా 32 పాయింట్లు మారతాయనుకుంటే, 1600 రేటింగున్న ఆటగాడు 1500 ఉన్నవాడిని ఓడించినందుకు వచ్చేవి 11 లేదా 12 మాత్రమే. అతని చేతిలో ఓడితే మాత్రం 20కి పైగా పోతాయి.

చదరంగంలో ఓటమి ఎవరిదో వెతకనక్కరలేదు. అయిదుగురు కలిసి ఆడినప్పుడు మాత్రం ర్యాంకులు లెక్కగట్టే యంత్రానికి చిక్కే గట్టి ఆధారం ఒక్కటే, ఏ జట్టు గెలిచిందన్నది. ఆ ఒక్క ఫలితం నుంచి అయిదుగురి సత్తాను విడివిడిగా అంచనా వేయాలి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు తమ ఆన్‌లైన్ ఆటల సేవ ఎక్స్‌బాక్స్ లైవ్ కోసం రూపొందించిన ట్రూస్కిల్ పద్ధతి ఈ చిక్కుకు చక్కని దారి చూపింది. అందులో ప్రతి ఆటగాడికీ రెండు అంకెలుంటాయి: సత్తా గురించిన అంచనా, ఆ అంచనా మీద ఉన్న అనుమానం. కొత్తగా చేరినవారికి అంచనా 25, అనుమానం 8.33. అంచనాలో నుంచి అనుమానానికి మూడు రెట్లు తీసివేసి చూపిస్తారు కాబట్టి కొత్తవారు సున్నా దగ్గర మొదలవుతారు. జట్టు బలం అంటే సభ్యుల సత్తాల మొత్తం. జట్టు గెలిచినప్పుడు అందరి అంచనా పెరుగుతుంది గానీ, ఎవరి గురించి అనుమానం ఎక్కువగా ఉందో వారిది ఎక్కువగా కదులుతుంది. నిన్న మొన్న చేరిన మీ స్నేహితుడు మీతో కలిసి అవే మ్యాచ్‌లు గెలిచి మీకన్నా వేగంగా పైకి వెళ్లడానికి ఇలాంటి లెక్కే ప్రధాన కారణం. అందులో అన్యాయమేమీ లేదు. మార్క్ గ్లిక్‌మన్ చదరంగం కోసమే రూపొందించిన గ్లికో పద్ధతిలోనూ ఈ అనుమానపు అంకె ఉంది. డోటా 2 అనే జట్టు ఆట దాన్ని 2023లో స్వీకరించి, మీ ర్యాంకు మీద తనకు ఎంత నమ్మకముందో ఆటగాడికి నేరుగా చూపిస్తోంది. మిగతా ఆటలు కూడా ఈ మాత్రం పారదర్శకత పాటిస్తే ఎన్నో అపోహలు తొలగిపోతాయి.

దాగిన అంకె కనిపించకపోయినా అది ఎటు ఉందో తెలుసుకోవచ్చు. వాలరెంట్‌లో ఒక మెట్టుకు 100 ఆర్‌ఆర్ (ర్యాంకు పాయింట్లు) ఉంటుంది. వరుసగా ఇరవై మ్యాచ్‌ల పాటు గెలిచినప్పుడు ఎంత వచ్చింది, ఓడినప్పుడు ఎంత పోయింది అని ఒక కాగితం మీద రెండు నిలువు వరుసల్లో రాసి, రెండింటికీ సగటు తీయండి. గెలుపుకు 24 వచ్చి ఓటమికి 15 పోతుంటే మీ ఎంఎంఆర్ ర్యాంకు కన్నా పైన ఉన్నట్టు. సగం మ్యాచ్‌లు గెలిచినా పైకి వెళతారు. గెలుపుకు 15 వచ్చి ఓటమికి 24 పోతుంటే ర్యాంకు మీ సత్తాను దాటి ముందుకు వెళ్లిందని యంత్రం భావిస్తోంది. సగానికి మించి గెలిస్తేనే అక్కడ నిలబడగలరు. ఒక్కో మ్యాచ్ అంకెను పట్టించుకోకండి, ఎందుకంటే 13–3 రౌండ్లతో గెలవడానికీ 13–11తో గట్టెక్కడానికీ తేడా ఉంటుంది, సొంత ఆటకు కూడా కొంత విలువ కలుస్తుంది. సగటే నిజం చెబుతుంది.

గెలుపు శాతం 50 దగ్గరే ఆగిపోయిందని, యంత్రం కావాలనే ఓడిస్తోందని చాలామంది బలంగా నమ్ముతారు. మీ సత్తాకు సరితూగే ప్రత్యర్థులు దొరికిన చోట గెలుపోటములు సమానంగా రావడం సహజం. అంచనా కుదిరిందనడానికి అదే గుర్తు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది గానీ, ర్యాంకు విషయంలో పది మ్యాచ్‌లు కూడా చాలవు. నిజంగా 55 శాతం గెలవగల ఆటగాడు కూడా పది మ్యాచ్‌లలో నాలుగు లేదా అంతకన్నా తక్కువ గెలిచే అవకాశం 26 శాతం ఉంది. నూరు మ్యాచ్‌లు ఆడినా సగానికి తక్కువ గెలిచే అవకాశం 13 శాతం దాకా ఉంటుంది. అందుచేత ఒక సాయంత్రపు వరుస ఓటములను చూసి సెట్టింగులు, పాత్రలు, జట్టు అన్నీ ఒకేసారి మార్చేయకండి. ఏదైనా మార్చదలిస్తే ఒక్కదాన్నే మార్చి, కనీసం ముప్పై నలభై మ్యాచ్‌ల సగటు చూసి నిర్ణయించుకోండి.

ఎవరితో ఆడతారన్నదీ ముఖ్యమే. వాలరెంట్ ర్యాంక్డ్‌లో, అంటే ర్యాంకు లెక్కకు వచ్చే మ్యాచ్‌లలో, నలుగురి పార్టీకి (ముందే కలిసి చేరే బృందానికి) అనుమతి లేదు. మిగిలిన అయిదో ఆటగాడు సొంత జట్టులోనే ఒంటరి కాకూడదన్నది అందులోని ఉద్దేశం, అది మెచ్చుకోదగిన నియమం. ఒకరిద్దరు స్థిరమైన తోడుతో ఆడితే మాట కలుస్తుంది, తెలుగులోనే వేగంగా సమాచారం అందించుకోవచ్చు. మ్యాచ్ మధ్యలో వెళ్లిపోతే పాయింట్లు పోవడమే కాక మిగతా నలుగురి లెక్కా చెడుతుంది కాబట్టి, కరెంటు గానీ నెట్ గానీ నమ్మకంగా లేని వేళ ర్యాంక్డ్ మొదలుపెట్టకండి. ఇతరుల చేత ఖాతా ఆడించి ర్యాంకు పెంచుకుంటే, ఆ స్థాయికి తగని ఆటగాడి బరువును ప్రతి మ్యాచ్‌లో నలుగురు అపరిచితులు మోయవలసి వస్తుంది.

ఫోన్‌లో ఆడే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ర్యాంకును మాత్రం మరోలా చదవాలి. అక్కడ ఎంతసేపు బతికారు, ఎందరిని పడగొట్టారు అన్నదాన్ని బట్టి పాయింట్లు పోగవుతాయి, సీజన్ మారగానే మెట్లు కిందికి దిగుతాయి. ఏస్ అనే పై శ్రేణి దాకా చేరడానికి సత్తాతో పాటు తీరిక కూడా కావాలి కాబట్టి, ఇద్దరి ర్యాంకులు పోల్చేటప్పుడు ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారో కూడా చూడండి.

పరీక్షల వల్లనో ఉద్యోగం వల్లనో కొన్ని నెలలు ఆటకు దూరమైతే, గ్లికో తరహా లెక్కలో మీ మీద అనుమానం మళ్లీ పెరిగి ఉంటుంది, అంటే తిరిగి వచ్చాక మొదటి కొన్ని ఫలితాల బరువు మామూలు కన్నా ఎక్కువ. కాబట్టి చేయి తిరిగేదాకా కొన్ని రోజులు ర్యాంకుతో సంబంధం లేని అన్‌రేటెడ్ మ్యాచ్‌లు ఆడి, ఆ తర్వాతే ర్యాంక్డ్ బటన్ నొక్కండి.