ఊరు దాటకుండా ఊరవతలికి: హైదరాబాద్‌లో ఒక పూట మాయమవ్వడం ఎలా

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం అనంతగిరి కొండలకి వెళ్ళాం. వెళ్ళాం అనేకంటే బయల్దేరాం అనడం కరెక్టు. మూసీ పుట్టే చోటు, పచ్చటి అడవి, పద్మనాభస్వామి గుడి, అన్నీ చూడాలని పొద్దున్న ఎనిమిదికి తీరుబడిగా టిఫిన్లు చేసి మరీ కదిలితే, ఘాట్ రోడ్డు మొదట్లోనే కార్ల వరస మొదలైంది, మా ముందున్న కారు నంబరు నాకిప్పటికీ నోటికొచ్చు. మొక్కజొన్న పొత్తుల బండి పక్కన రెండు గంటలు నిలబడి, నాలుగు ఫొటోలు దిగి తిరిగొచ్చేశాం. మెహదీపట్నం ట్రాఫిక్‌ని డెబ్భై కిలోమీటర్లు మోసుకెళ్ళి, గాలి మార్పించి, మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నట్టయింది.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చేశాను. ఇంటి నుంచి గంటలోపు చేరే చోటు, అదీ ఒక్కటే చోటు, తెల్లారేసరికి అక్కడుండాలి, తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉండాలి. సెలవు అక్కర్లేదు, హోటల్ బుకింగ్ అక్కర్లేదు, ఇంట్లోవాళ్ళకి పెద్ద వివరణ కూడా అక్కర్లేదు. "అలా నడిచొస్తా, వచ్చేటప్పుడు కొత్తిమీర తెస్తా" అంటే చాలు. ఇలా చాలాసార్లు వెళ్ళాక తెలిసిందేంటంటే, ఈ ఊరికి దూరంగా పోవాలంటే కిలోమీటర్లు కాదు, గడియారం చూసుకోవాలి. ఆదివారం పదకొండింటికి ఏ చెరువుగట్టైనా ఎగ్జిబిషన్ గ్రౌండే. అదే గట్టు పొద్దున్న ఆరింటికి మీదే. వారం మధ్యలో ఒక పూట దొరికితే ఇంకా మంచిది, నైట్ షిఫ్టు చేసేవాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు, డ్యూటీ దిగి నేరుగా వెళ్ళిపోవచ్చు (బండి నడిపేటప్పుడు నిద్ర ఆగుతుందనుకుంటేనే).

మొదటిసారి ఎక్కడికి పోవాలి అని అడిగితే నేను రేమండ్ సమాధి అంటాను. మలక్‌పేట వైపు ఉండేవాళ్ళలో కూడా సగం మంది చూసి ఉండరు. మూసారాంబాగ్ మెట్రోలో దిగి ఆటో ఎక్కండి, కానీ రేమండ్ అంటే ఆటో అన్నకి తెలియకపోవచ్చు, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి అని చెప్పండి. తమాషా ఏంటంటే మనం రోజూ పలికే ఆ స్టేషన్ పేరులో ఉన్నది ఆయనే. మిషెల్ జోయాకిం రేమండ్ అనే ఫ్రెంచి సైనికాధికారి, రెండో నిజాం కొలువులో సేనాపతి, 1798 మార్చి 25న చనిపోయాడు. "ముస్యూ రేమండ్" జనం నోట్లో పడి నలిగి కొందరికి మూసా రహీం అయ్యాడు, కొందరికి మూసా రామ్ అయ్యాడు, ఆయన పేరు మీద తోట మూసారాంబాగ్ అయింది.

పైన పెద్దగా ఏమీ ఉండదు, ముందే చెప్తున్నాను. ఏడు మీటర్ల రాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అనే రెండక్షరాలు, ఒక మండపం (పాతది 2001లో కూలిపోతే తర్వాత మళ్ళీ కట్టారు), ఖాళీ నేల, గాలి. గాలి మాత్రం బాగా ఉంటుంది. కింద చుట్టూ ఇళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, మిద్దెల మీద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు, ఎవరో పావురాలకి గింజలు వేస్తుంటారు. ఎవరింట్లోదో కుక్కర్ విజిల్ వినపడుతుంది, వెళ్ళి కట్టేయాల్సింది మనం కాదు. నాకు ఆ గుట్ట మీద అన్నిటికంటే నచ్చేది అదే. ఊరు పూర్తిగా మాయమైతే నాకు భయమేస్తుంది, ఇలా నాలుగడుగుల కింద అది తన పని తాను చేసుకుంటూ ఉండి, మనల్ని పిలవకపోతే చాలు.

కాస్త నీడ, కాస్త చెక్కడం పని కావాలనుకుంటే సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో పైగా సమాధులు. పైగాలంటే నిజాంల తర్వాత అంతటివాళ్ళు, నిజాంల ఆడపిల్లల్ని చేసుకున్న కుటుంబం. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన వికారుల్ ఉమ్రా కూడా ఇక్కడే ఉన్నాడు. వికారాబాద్‌కి ఆ పేరు వచ్చింది ఆయన వల్లే, కాబట్టి ఆయన ఊరి రోడ్డు మీద ఇరుక్కునే బదులు ఇక్కడికొచ్చి ఆయన్నే పలకరించి పోవడం తేలిక అని నా వాదన.

ఇక్కడ మాత్రం తెల్లారకముందు వెళ్ళకండి, గేటు తీసే టైము కనుక్కుని, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వెళ్ళండి. గోడలకి బదులు చాలాచోట్ల జాలీలే ఉంటాయి, సన్నటి తెరల్లాగా. ఆ జాలీల్లోంచి ఎండ నేల మీద ముగ్గులా పడుతుంది, పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఆ ముగ్గు పక్క పలక మీదికి జరుగుతుంది. ఆరు రేకుల పువ్వులు, నక్షత్రాలు, తేనెపట్టు గదులు, వెతికేకొద్దీ కొత్త డిజైన్ తగులుతూనే ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్తే ఒక నోటుబుక్కు, పెన్సిల్ ఇచ్చి ఎన్ని రకాలున్నాయో గీయమనండి, మా అక్క కొడుకు పదమూడు దాకా గీసి, ఆకలేస్తోందని అడగడం మర్చిపోయాడు. గోడల మీద సున్నపు గచ్చుతో చేసిన పువ్వులు, కాయలు దగ్గరికెళ్ళి చూడండి, కానీ చెయ్యి పెట్టకండి, చాలా చోట్ల ఇప్పటికే పెచ్చులూడిపోయాయి. ఇంకో మాట, ఇది శ్మశానం. ప్రీ వెడ్డింగ్ షూటింగులకి సమాధుల మీద కూర్చునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అటు ఉత్తరం వైపు, సికింద్రాబాద్ దిక్కున ఉండేవాళ్ళకి మౌలాలి. అందరూ మెట్లెక్కి గుట్ట మీద దర్గాకి వెళ్ళి, ఊరంతా చూసి దిగి వెళ్ళిపోతారు. అదీ బాగుంటుంది, ఆ మెట్లెక్కితే కాళ్ళు వారం దాకా గుర్తు చేస్తాయి. కానీ గుట్ట కింద మహ్ లఖా బాయి చందా సమాధి తోట ఉంది, ఎక్కువమంది అటు తిరగరు. 1792లో తల్లి కోసం కట్టించింది, 1824లో తానూ అక్కడే చేరింది. నిజాం కొలువులో గాయని, నర్తకి, జాగీరు ఉన్న ఆడమనిషి, ఉర్దూలో దీవాన్ (కవితల సంపుటి) తెచ్చిన తొలి కవయిత్రుల్లో ఒకరు. చుట్టూ ప్రహరీ, మధ్యలో చిన్న సమాధి, నాలుగు భాగాల తోట. చాలా ఏళ్ళు పాడుబడి ఉండి 2010 ప్రాంతంలో బాగుపడింది. నేను వెళ్ళిన ఒకసారి గేటుకి తాళం ఉంది. విసుక్కోకుండా పక్కనున్న దుకాణంలో "చాచా, తాళం ఎవరి దగ్గరుంటుంది" అని అడిగితే పావుగంటలో తాళంచెవి వచ్చింది, చాయ్ కూడా వచ్చింది. ఇలాంటి చోట్ల మన గొంతే టికెట్టు. తెలుగు, ఉర్దూ ఏదొస్తే అది, నెమ్మదిగా, నవ్వుతూ అడగండి.

ఐటీ వైపు ఉండేవాళ్ళు ఇంత దూరం రాలేం అంటారని తెలుసు. మీకు ఖాజాగూడ బండలున్నాయి. ఈ ఊరి రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు, మీ ఆఫీసు బిల్డింగు వయసు మీకే తెలుసు. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో బండల గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి, ఆ గుంటల్లో ఆకాశం, రాళ్ళ సందుల్లో సీతాఫలం చెట్లు, గుట్టల వాలుల్లో తంగేడు పువ్వు. ఒంటరిగా వెళ్ళకండి, చీకట్లో అసలే వెళ్ళకండి, రాతి కింద చెయ్యి పెట్టేముందు ఒకసారి చూడండి (పాములకీ అదే ఇల్లు), క్వారీ గుంటల్లో ఈత జోలికి పోకండి, ఎంత లోతో ఒడ్డు మీంచి తెలియదు. నవంబరు దాటాక రాళ్ళ బదులు అమీన్‌పూర్ చెరువుకి వెళ్ళండి, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, చలికాలం పక్షులు బాగా దిగుతాయి. బైనాక్యులర్స్ లేకపోతే ఏం పర్లేదు, అక్కడ కెమెరాలతో వచ్చేవాళ్ళ పక్కన మర్యాదగా నిలబడితే వాళ్ళే పిలిచి చూపిస్తారు.

గండిపేట గురించి రెండు ముక్కలే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, మళ్ళీ అలా జరక్కూడదని కట్టిన చెరువు, 1920కి పూర్తయింది, దాని జోడీ హిమాయత్‌సాగర్ 1927కి. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు వదలడని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. గట్టు మీద సూర్యోదయం బాగుంటుంది, సాయంత్రాలు జాతర. నీళ్ళల్లోకి మాత్రం దిగకండి, అవి తాగే నీళ్ళు.

ఇప్పుడు ఎవరూ రాయని విషయం, బాత్రూం. నేను చెప్పిన చోట్లలో సగానికి పైగా నమ్ముకోదగ్గ టాయిలెట్ ఉండదు, ముఖ్యంగా ఆడవాళ్ళకి ఇదే పెద్ద టెన్షన్, అందుకే మా ఇంట్లోవాళ్ళు చాలాకాలం నాతో రాలేదు. రెండు గంటలకి మించి ప్లాన్ పెట్టుకోకపోవడానికి అసలు కారణం ఇదే. దారిలో మెట్రో స్టేషన్ ఉంటే అక్కడ ఆగి వెళ్ళండి, లేకపోతే తిరుగుదారిలో టిఫిన్ సెంటర్ ఏది, ఎన్నింటికి తెరుస్తారో ముందే చూసి పెట్టుకోండి. సంచీలో లీటరు నీళ్ళు, ఒక పాత తువ్వాలు (బండ మీద పొద్దున్న మంచు ఉంటుంది, ఎండాకాలమైతే సెగ), రెండు అరటిపళ్ళు, ఖాళీ కవరు ఒకటి. ఆ కవరు మీ చెత్తకి, వీలైతే ఇంకొకరి చెత్తకి కూడా. దర్గాలు, సమాధులు ఉన్న చోటికి తలమీద వేసుకోవడానికి ఒక రుమాలో చున్నీయో, తేలిగ్గా విప్పే చెప్పులు. స్పీకరు తీసుకెళ్ళకండి. ఫోను తీసుకెళ్ళండి గానీ, వెళ్ళాక మొదటి అరగంట సంచీలోనే ఉంచండి, ఫొటో తియ్యడం మొదలుపెడితే పది నిమిషాల్లో చూడ్డం అయిపోయినట్టనిపించి కాళ్ళు బండి వైపు లాగుతాయి.

ఎవరితో వెళ్ళాలి? ఇద్దరు లేదా ముగ్గురు. నలుగురు దాటితే అందులో ఒకరు తప్పకుండా లేటవుతారు, ఆ ఒక్కరి కోసం మిగతావాళ్ళు చాయ్ దగ్గర ఆగుతారు, చాయ్ దగ్గర ఆఫీసు మాటలొస్తాయి, ఇంక ఆ పూట అయిపోయినట్టే.

నేను చెప్పినవన్నీ మీకు దూరమైతే మీ పేట చుట్టూనే వెతకండి. మ్యాపులో శాటిలైట్ వ్యూ పెట్టి, ఇళ్ళ మధ్య కప్పులు లేని మరక ఎక్కడుందో చూడండి, పచ్చగానో గోధుమరంగుగానో ఉంటుంది. తర్వాత పేరు చూడండి. పేరు చివర గుట్ట, బండ అని ఉంటే నమ్మకం పెట్టుకోవచ్చు, రాయిని పూర్తిగా మింగడం కష్టం. బాగ్ అంటే తోట పోయి ఒక పాత గేటో బావో మిగిలి ఉండొచ్చు. కుంట, చెరువు అని ఉంటే మాత్రం జాగ్రత్త, చాలాసార్లు పేరే మిగిలి ఉంటుంది. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు కోసం వెతికితే దొరికేది సిగ్నలే. బావుల విషయంలో ఈమధ్య కొంచెం మంచి జరుగుతోంది, బన్సీలాల్‌పేట మెట్లబావి చెత్తతో నిండిపోయి ఉండేది, టన్నులకొద్దీ తీసి 2022 డిసెంబరులో తెరిచారు, సికింద్రాబాద్ సందుల నడుమ మెట్లు దిగితే కింద నీళ్ళు. వేరే ఊళ్ళవాళ్ళు కూడా ఇదే పద్ధతి వాడొచ్చు. విశాఖలో ఆర్కే బీచ్ వదిలేసి భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కండి, బౌద్ధ విహారపు ఇటుకల మధ్య కూర్చుంటే కింద సముద్రం. బెజవాడవాళ్ళు వంతెన దాటితే ఉండవల్లి గుహలు.

చివరగా, దొరికిన చోటుని మార్చకండి. ఒకే చోటికి మూడు కాలాల్లో వెళ్ళండి, ఫిబ్రవరిలో ఒకసారి, తొలకరి పడ్డాక ఒకసారి, బతుకమ్మ రోజుల్లో ఒకసారి. రెండోసారికి కుక్క మొరగడం మానేస్తుంది, మూడోసారికి వాచ్‌మెన్ "మొన్న రాలేదేంటి సార్" అంటాడు. నాకు ఆస్మాన్‌గఢ్ మీద పావురాలకి గింజలు వేసే పెద్దాయన అలా తెలిశాడు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, అడగలేదు కూడా, వానొచ్చే రోజు మాత్రం చెయ్యూపి దిగిపొమ్మంటాడు.

తొమ్మిదైంది, లేవండి. మూలమీద ఇడ్లీ బండి ఇంకా ఉంటుంది, అల్లం చట్నీ అయిపోకముందే వెళ్ళాలి. కొత్తిమీర మర్చిపోకండి.