ఏఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లను అంచనా వేసేటప్పుడు జాగ్రత్తలు

ఏఎఫ్ఎల్ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ లీగ్. డ్రాఫ్ట్‌లో దాని క్లబ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకుంటాయి. ముందు పుట్టిన తేదీ చూడండి. ఆ ఏడాది డిసెంబర్ 31లోపు 18 నిండేవాళ్లంతా ఒకే డ్రాఫ్ట్‌కు వస్తారు. జనవరి కుర్రాడికీ డిసెంబర్ కుర్రాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే చాలా ఎక్కువ. త్వరగా ఒళ్లు ఎదిగినవాడు తోటివాళ్లను నెట్టుకుంటూ పోతుంటే మురిసిపోకండి. అడిలైడ్‌లోనో పెర్త్‌లోనో సీనియర్ లీగ్‌లో పెద్దవాళ్ల మధ్య ఆడి ఉంటే ఆ మ్యాచ్ వెతికి చూడండి.

కంబైన్‌లో, అంటే డ్రాఫ్ట్‌కు ముందు పెట్టే శారీరక పరీక్షల్లో, 20 మీటర్ల స్ప్రింట్, 2 కిలోమీటర్ల పరుగు, జంప్ అంకెలు వస్తాయి. మ్యాచ్ వీడియోలు చూశాకే వాటిని తెరవండి. ముందే చూస్తే కళ్లు వాటినే నమ్ముతాయి.

బంతి ఎన్నిసార్లు దొరికిందని కాదు, ఎదుటివాళ్లు మీద పడుతున్నప్పుడు ఎవరికి అందించాడో రాసుకోండి. అలవాటు లేని కాలితో కొట్టగలడా? బంతి ఎదుటి జట్టుకు పోయాక వెనక్కి పరిగెడుతున్నాడా? నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. కెమెరా బంతి వెంటే ఉంటుంది కాబట్టి వీలైతే గ్రౌండ్‌కు వెళ్లండి.

మోకాలి గాయంతో సీజన్ పోయినవాడిని కొట్టేయకండి, కిందటేడు ఆట చూడండి.

తండ్రి ఒక క్లబ్‌కు 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే, వేరే క్లబ్ కొడుకును ఎంచుకోబోయినా (దీన్నే బిడ్ అంటారు), దానికి సరిపడా తన పిక్‌లు, అంటే ఎంపిక వంతులు, ఇచ్చి తండ్రి క్లబ్ అతణ్ని తీసుకోవచ్చు. 2021లో నిక్ డైకోస్ కాలింగ్‌వుడ్‌కు అలాగే వచ్చాడు. జాబితాలో అలాంటివాళ్లను విడిగా గుర్తు పెట్టుకోండి.

డ్రాఫ్ట్‌లో చివరి పిక్‌ల దగ్గర అలసిపోవద్దు. 1990లో 79వ పిక్‌గా వెళ్లిన జేమ్స్ హర్డ్ 1996లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్‌ను ఇంకొకరితో పంచుకున్నాడు.

ఇల్లు వదిలి ఇంకో రాష్ట్రంలో ఉండగలడా అన్నది కుర్రాడినీ, ఇంట్లోవాళ్లనూ అడగండి.