ఎంజైమ్ పని కొలుద్దాం – 3వ భాగం: బొప్పాయి సొన, ప్యాకెట్ పాలు, ఒక గడియారం

గత రెండు భాగాల్లో ప్రోటీన్ గొలుసు ఎలా ఉంటుందో, ఎంజైమ్ దాన్ని ఎక్కడ తెంపుతుందో చూశాం. ఈసారి కొలత. ఎంజైమ్‌ను తూకం వేస్తే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. గ్రాము పొడిలో సగం పాడైపోయినా తూకం గ్రామే చూపిస్తుంది. నిమిషంలో ఎంత పని చేసిందన్నదే అసలు లెక్క. దెబ్బ తగిలి వాచినప్పుడు డాక్టర్లు రాసే ట్రిప్సిన్-కైమోట్రిప్సిన్ అనే ఎంజైమ్ మాత్రల అట్ట తిప్పి చూడండి. చాలావాటి మీద 1,00,000 ఆర్మర్ యూనిట్లు అని ఉంటుంది. ఈ యూనిట్ అనేది పనిని కొలిచేది, బరువును కాదు.

మన సరుకు పపైన్, ప్రోటీన్‌ను తెంపే ఎంజైమ్. పచ్చి బొప్పాయి కాయ గీరితే కారే తెల్లటి సొనలో ఉంటుంది. బాగా పండిన కాయలో సొన దాదాపు ఉండదు కాబట్టి తిరుపతి రైతుబజారులో కూరకని అమ్మే గట్టి పచ్చికాయ తెచ్చుకోండి, పెరట్లో చెట్టుంటే మరీ మంచిది. చెట్టు మీది కాయకే ఉదయం పూట స్టీలు బ్లేడుతో పైపైన నిలువు గీతలు పెట్టి, కారేది గాజు గిన్నెలో పట్టండి. ఇనుప కత్తి వద్దు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, సొన చర్మాన్ని తినేస్తుంది. రబ్బరు అంటే ఎలర్జీ ఉన్నవాళ్లు ఈ ప్రయోగం చెయ్యొద్దు, చదివితే చాలు.

1 మి.లీ. సొనను 100 మి.లీ. నీళ్లలో కలిపి పలచటి గుడ్డలో వడకట్టండి. ఇదే మన ద్రావణం, వెంటనే వాడేయాలి. పపైన్‌లో 212 అమైనో ఆమ్లాలుంటాయి. కోత పని 25వ స్థానంలోని సిస్టీన్‌ది, దానికి సాయం 159వ స్థానంలోని హిస్టిడిన్. ఆ సిస్టీన్ కొసన ఉన్న గంధకం గాలి తగిలితే ఆక్సీకరణ చెంది పని మానేస్తుంది. అందుకే నిన్నటి ద్రావణం ఇవాళ నీరసంగా ఉంటుంది.

ఇక పాలు. ప్యాకెట్ పాలు తెచ్చి కాచకుండా వాడండి. మన ఇళ్లలో పాలు రాగానే స్టవ్ మీద పెట్టడం అలవాటు, ఇక్కడే చాలామంది ప్రయోగం చెడుతుంది. బాగా కాచిన పాలలో వే ప్రోటీన్ (పాలు విరిగితే తేలే నీళ్లలో ఉండేది) వెళ్లి కప్పా-కేసీన్ అనే మరో ప్రోటీన్‌కు అతుక్కుంటుంది, పాలు సరిగా గడ్డకట్టవు. టెట్రాప్యాక్ పాలతోనూ ఇదే తంటా.

ఈ కప్పా-కేసీన్ సంగతి కొంచెం వివరంగా చూడాలి. పాలలోని ముఖ్య ప్రోటీన్ అయిన కేసీన్ చిన్న చిన్న ఉండలుగా తేలుతుంటుంది. ప్రతి ఉండ పైనా కప్పా-కేసీన్ నూగులా నిలబడి, ఉండలు ఒకదాన్నొకటి తాకకుండా ఆపుతుంది. పపైన్ ఆ నూగును కత్తిరించేస్తుంది. అడ్డు పోయాక పాలలోని కాల్షియం సాయంతో ఉండలు అతుక్కుని గడ్డ అవుతాయి. మనం చూసేది గడ్డను, కొలిచేది కోత వేగాన్ని.

నాలుగు గ్లాసుల్లో 50 మి.లీ. చొప్పున పాలు పోసి, 40 డిగ్రీల నీళ్ల గిన్నెలో పెట్టండి. తిరుపతి మే నెలలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే దాదాపు ఆ వేడికి వస్తాయి, అయినా థర్మామీటర్‌తో చూసుకోండి. మొదటి గ్లాసులో 4 మి.లీ. ద్రావణం. రెండో దాంట్లో 2 మి.లీ. ద్రావణం, 2 మి.లీ. నీళ్లు. మూడో దాంట్లో 1 మి.లీ., 3 మి.లీ. నీళ్లు. నాలుగో దాంట్లో 4 మి.లీ. మరిగించిన ద్రావణం. పపైన్ వేడికి మొండిది, ఐదు నిమిషాల మరుగుతో లొంగదు. కనీసం 20 నిమిషాలు పెట్టి, చల్లార్చి, ఆవిరైపోయిన మేరకు నీళ్లు కలిపి వాడండి.

నాలుగో గ్లాసు లేకుండా చేస్తే దాన్ని ప్రయోగమని నేను ఒప్పుకోను. నిమ్మరసం పిండినా పాలు విరుగుతాయి కదా! మరిగిస్తే ఎంజైమ్ పని పోతుంది, పులుపు పోదు. విరిచింది ఎంజైమా, పులుపా అని తేల్చేది ఆ మరిగించిన గ్లాసే.

ద్రావణం పోసి, ఒకసారి కలిపి, గడియారం చూడండి. గ్లాసు వంచినప్పుడు గోడకు తునకలు కనిపించిన క్షణమే గడ్డ సమయం. మొదటి గ్లాసుకు 90 సెకన్లు పట్టిందనుకుందాం. రెండో దానికి సుమారు 180, మూడో దానికి 360 రావాలి. ఎంజైమ్ సగమైతే సమయం రెట్టింపు. గ్రాఫులో అడ్డంగా ద్రావణం మి.లీ.లు, నిలువుగా సమయాన్ని కాకుండా 1ని సమయంతో భాగించి వచ్చినది వేయండి: 0.011, 0.0056, 0.0028. గీత తిన్నగా వస్తే కొలత సరిగ్గా వచ్చినట్టే. ఒక తేడా గుర్తుంచుకోండి: సొనలో పపైన్ కంటే దాని చుట్టమైన కైమోపపైన్ అనే ఎంజైమే ఎక్కువ. మనం కొలిచింది ఆ మొత్తం గుంపు పనిని.

ఆ కైమోపపైన్‌కు వైద్యంలో చిత్రమైన చరిత్ర ఉంది. వెన్నుపూసల మధ్య జారిన డిస్క్‌లోకి సూదితో ఎక్కించి దాన్ని కరిగించడానికి 1982లో అమెరికా అనుమతించింది. డోసు రాసింది మళ్లీ పని యూనిట్లలోనే, పికోకటల్ అని. కొందరికి ప్రాణాంతక ఎలర్జీ రావడం పెద్ద చిక్కయింది, మెల్లగా వాడకం పోయింది. పుండులోని చచ్చిన కండను తొలగించే పపైన్ ఆయింట్‌మెంట్లకూ ఇలాంటి దెబ్బే తగిలింది. అనుమతి లేకుండా అమ్ముతున్న వాటిని ఆపమని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆదేశించింది. కాబట్టి పుండు మీద పచ్చి సొన రాయమని ఎవరు చెప్పినా వినకండి. అందులో ఎన్ని యూనిట్లున్నాయో చెప్పినవాడికే తెలియదు.

బయోకెమిస్ట్రీ డిగ్రీ పిల్లలకు పరీక్షలో పనికొచ్చేది ఇంకోటి: 1959లో రోడ్నీ పోర్టర్ అనే శాస్త్రవేత్త యాంటీబాడీని పపైన్‌తోనే ముక్కలు చేసి ఎఫ్‌ఏబీ (క్రిమిని పట్టుకునే కొస), ఎఫ్‌సీ (తోక) భాగాలు వేరు చేశాడు. 1972లో ఆయనకు, యాంటీబాడీల మీదే పనిచేసిన మరో శాస్త్రవేత్త ఎడెల్‌మన్‌కు కలిపి నోబెల్ వచ్చింది.

ఇంటి పని: తాజా పైనాపిల్ రసంతోనూ, డబ్బా పైనాపిల్ రసంతోనూ ఇదే పాల పరీక్ష చేయండి. రెండూ పుల్లనివే, కాబట్టి ప్రతిదానికీ మరిగించిన గ్లాసు ఒకటి పక్కన ఉండాలి. వచ్చిన సెకన్లు రాసి పెట్టుకోండి, 4వ భాగం లెక్కలు వాటితోనే. ప్రయోగం అయ్యాక ఆ పాలు ఎవరూ తాగకుండా పారబోయండి.