చలికాలానికి గుర్రం మేత: దాణా బస్తా కంటే ముందు గడ్డి సంగతి చూడండి

చలి వస్తోందనగానే గుర్రం ఉన్నవాళ్లలో చాలామంది దాణా ఒక బస్తా ఎక్కువ తెచ్చుకుంటారు. నేనూ మొదటి చలికాలం అదే చేశాను. మొక్కజొన్న వేడి చేస్తుందని ఎవరో చెప్తే సాయంత్రం దాణాలో అది ఒక డబ్బా పెంచేసి, గడ్డి మాత్రం ఎప్పటిలాగే చేతికొచ్చినంత వేసి, నా పని నేను బాగానే చేశాననుకున్నాను. ఒత్తుగా పెరిగిన బొచ్చులో గుర్రం బొద్దుగానే కనిపించింది మరి. చలి తగ్గి ఆ బొచ్చు రాలాక చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

గుర్రానికి ఒంట్లో వెచ్చదనం ఎక్కువగా గడ్డి నుంచే వస్తుంది. పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే సీకమ్‌లోనూ, ఆ తర్వాతి భాగంలోనూ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. ఆ పులియడంలో పుట్టే వేడి గంటల తరబడి, రాత్రంతా కూడా వస్తూనే ఉంటుంది. గింజల్లోని పిండిపదార్థం చిన్నపేగులోనే తొందరగా అరిగిపోతుంది, దాంతో శక్తి వస్తుంది, బరువూ పెరుగుతుంది, కానీ వేడి అంతగా రాదు. అందుకని చలి పెరిగిన రోజు ముందు పెంచాల్సింది గడ్డి. అది తిన్నా చాలకపోతేనే దాణా సంగతి ఆలోచించాలి.

ఎంత పెట్టాలన్నది కంటి అంచనాతో తేలదు. ముందు గుర్రం బరువు తెలియాలి. పెద్ద తూకం యంత్రం అందుబాటులో లేకపోతే టేపు చాలు: ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, ఆ వచ్చినదాన్ని భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో దగ్గర దగ్గరగా బరువు వస్తుంది. చుట్టుకొలత 185, పొడవు 170 అయితే సుమారు 490 కిలోలన్నమాట. ఆ బరువులో రోజుకు 2 శాతం ఎండుగడ్డి లెక్క వేసుకోండి, 500 కిలోల గుర్రానికి 10 కిలోలు. ఏం చేసినా 1.5 శాతం కంటే దిగకూడదు. గడ్డిని కట్టలతో లెక్కపెట్టొద్దు, ఒక కట్టకీ ఇంకో కట్టకీ బరువులో బోలెడు తేడా ఉంటుంది, కొక్కేనికి వేలాడదీసే చిన్న కాటా ఒకటి కొనుక్కోండి. అలాగే నిల్వ లెక్క కూడా ఇప్పుడే వేసేయండి. ఐదు నెలలు పచ్చిక దొరకదనుకుంటే ఒక గుర్రానికి 1500 కిలోలు, తొక్కి పారేసేది, తడిసి పాడయ్యేది కలిపితే 1700 దగ్గర ఉండాలి. మధ్యలో గడ్డి అయిపోయి ఏది దొరికితే అది తెచ్చి పెట్టే పరిస్థితి వస్తే అసలు కష్టాలు అక్కడ మొదలవుతాయి.

ఇక చలి ఎంత ఉంటే ఎంత పెంచాలి అంటే, అది గుర్రాన్ని బట్టి ఉంటుంది. ఒంటి నిండా చలిబొచ్చు పెరిగి, ఆ చలికి నెమ్మదిగా అలవాటైన గుర్రం, గాలీ తడీ లేకపోతే సున్నాకు 10, 15 డిగ్రీల కింద దాకా పెద్దగా ఇబ్బంది పడదు. బొచ్చు కత్తిరించినదీ, వెచ్చటి చోటు నుంచి కొత్తగా వచ్చినదీ అయితే 5 డిగ్రీలకే అదనపు మేత కోరుతుంది. ఆ గీత దాటాక ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడల్లా సుమారు 2 నుంచి 2.5 శాతం ఎక్కువ శక్తి కావాలి. అంటే పది డిగ్రీలు దిగితే రోజుకు రెండు కిలోలకు పైగా అదనపు గడ్డి. వాన పడి బొచ్చు ఒంటికి అంటుకుపోతే ఈ లెక్కలేవీ పనిచెయ్యవు, తడిసిన గుర్రానికి మామూలు చలి కూడా గట్టిగానే తగులుతుంది. చాటు చూపించండి, గడ్డి ముందు పెట్టండి.

గడ్డి కొనేటప్పుడు పైన కనిపించే రంగు చూసి మోసపోకండి. ఒక మోపు విప్పించి చెయ్యి లోపలికి పెట్టి చూడండి. ఆకు ఎక్కువుండి మెత్తగా ఉంటే మంచిది, కాడలు కర్రల్లా గుచ్చుకుంటే బాగా ముదిరాక కోసినదని అర్థం. చురుగ్గా లేని లావుపాటి గుర్రానికి కాస్త ముదురు గడ్డే నయం, చిక్కిపోయిన దానికి మాత్రం అది సరిపోదు. మధ్యలో వెచ్చగా తగిలినా, బూజు వాసన వచ్చినా, దులిపితే పొగలా దుమ్ము లేచినా వద్దనండి. సరిగ్గా ఆరకుండా, తేమ 20 శాతం పైన ఉండగా కట్టిన మోపులు లోపల వేడెక్కి బూజు పడతాయి, కుప్ప వేసినచోట వాటంతట అవే అంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. బూజు దుమ్ము పీల్చిన గుర్రానికి దగ్గు పట్టుకుంటే అది ఆ చలికాలంతో పోయే దగ్గు కాదు. కొద్దిపాటి దుమ్మే అయితే పెట్టేముందు పది పదిహేను నిమిషాలు నీళ్లలో ముంచి తీస్తే సరిపోతుంది. బూజుకు మాత్రం ఆ చిట్కా పనికిరాదు, పారేయడమే.

పాతరగడ్డి, అదే సైలేజ్, పశువులు తింటున్నాయి కదా అని గుర్రానికి పెట్టకండి. సరిగ్గా పులియని పాతరలోనూ, చిరిగిన సంచుల్లోనూ, ఎలకో పిట్టో చచ్చి పడి ఉన్న గడ్డిలోనూ కండరాలు చచ్చుబడేలా చేసే బొటులిజం విషం తయారవుతుంది. దాన్ని తట్టుకోవడంలో గుర్రం పశువుకంటే చాలా బలహీనం.

పశువుల దాణా, కోళ్ల దాణా గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. వాటిలో మోనెన్సిన్ అనే మందు కలపడం మామూలే, పశువుకూ కోడికీ మేలు చేసే ఆ మందు గుర్రానికి కొద్దిగా పడినా గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, విరుగుడు లేదు. చలికాలంలో అన్ని జీవాలకూ ఒకే కొట్టంలో దాణా పెట్టేవాళ్లు బస్తాలు, డబ్బాలు, చివరికి తొట్టెలు కూడా వేరువేరుగా ఉంచుకోండి. "ఈ ఒక్క పూటకి సర్దుకుందాం" అనుకునే పూటే ప్రమాదం.

దాణా తప్పదనుకుంటే తూచే పెట్టండి. ఒకే డబ్బాతో కొలిస్తే మొక్కజొన్నలో ఓట్స్ కంటే దాదాపు రెట్టింపు శక్తి ఉంటుంది, నేను చేసిన తప్పులో ఇదీ ఒకటి. 500 కిలోల గుర్రానికి ఒక పూటకు 2 కిలోలు దాటనివ్వొద్దు, మిగతాది ఇంకో పూటకు. దాటితే చిన్నపేగులో అరగని పిండి పెద్దపేగులోకి జారి అక్కడ పులిసి, కడుపునొప్పికో, గిట్టల లోపల వాచే లామినైటిస్‌కో దారితీస్తుంది. బూజు పట్టిన మొక్కజొన్నలో ఉండే ఒకరకం విషం ఏకంగా మెదడునే కరిగిస్తుంది, కాబట్టి రంగు మారిన గింజలూ, అడుగున మిగిలిన నూకపొడీ గుర్రం దాకా రానివ్వకండి. ఏ మేత మార్చినా పది పద్నాలుగు రోజులు తీసుకుని మార్చండి, కొత్త గడ్డికి కూడా ఇదే మాట. మనకు చలేస్తోందని సవారీ మానేస్తే దాణా కూడా ఆ మేరకు తగ్గించాలి, ఇది చాలామందికి తట్టదు. వారానికోసారి ప్రేమగా పెట్టే వేడి తవుడు జావ కూడా అంతే, ఆ వెచ్చదనం కాసేపే, హఠాత్తుగా వచ్చిన కొత్త మేతకు పేగులు మాత్రం తికమకపడతాయి. పైగా తవుడులో భాస్వరం మరీ ఎక్కువ, కాల్షియం తక్కువ.

లావుగా ఉండి, ఇంతకుముందు లామినైటిస్ వచ్చిన గుర్రాలది వేరే కథ. రాత్రి మంచు, పగలు ఎండ ఉన్న రోజుల్లో పచ్చికలో చక్కెరలు పేరుకుంటాయి, వాటితో ఆ జబ్బు తిరగబెట్టొచ్చు, మంచు పట్టిన పచ్చికలోకి పొద్దున్నే ఈ గుర్రాలను వదలొద్దు. అవి చలికాలంలో కొంచెం చిక్కితే కంగారు పడాల్సిన పని లేదు.

ఇప్పుడు నీళ్లు. నన్నడిగితే చలికాలం మేతలో సగం జాగ్రత్త ఇదే. పచ్చికలో ముప్పావు వంతు నీరే, ఎండుగడ్డిలో పదో వంతు కాస్త అటూ ఇటూ. అంటే మేత ఎండిపోయిన రోజునే గుర్రం ఎక్కువ తాగాలి, ఆ రోజునే నీళ్లు చల్లగా ఉండి తక్కువ తాగుతుంది. రోజుకు 25 నుంచి 40 లీటర్లు పోవాల్సిన చోట సగమే పోతే పేగులో మేత గట్టిపడి అడ్డుపడుతుంది. గోరువెచ్చటి నీళ్లు పెడితే తేడా మీకే తెలుస్తుంది. తొట్టి మీద గడ్డకడితే రోజుకు రెండుసార్లయినా పగలగొట్టాలి, మంచు నాకి బతికేస్తుందిలే అనుకోకండి. రోజుకు సుమారు 30 గ్రాముల ఉప్పు మేతలో కలపండి, దాహం వేస్తుంది. నాకే ఉప్పు గడ్డ ఒక్కటే ఉంచితే చలికి దాని జోలికి పోని గుర్రాలుంటాయి. అయితే నీళ్లు గడ్డకట్టి ఉండగా ఉప్పు పెంచడం మాత్రం అన్యాయం.

ముసలి గుర్రం ఉంటే చలి ముదరకముందే పళ్లు చూపించండి. నమిలి నమిలి గడ్డి ముద్దలు కింద పడేస్తోందంటే ఎంత మంచి గడ్డి పెట్టినా లాభం లేదు, గడ్డి గుళికలో, బీట్ పల్పో (చక్కెర తీశాక మిగిలే బీట్ దుంప పిప్పి) బాగా నానబెట్టి మెత్తగా పెట్టాలి. నానకుండా పెడితే గొంతులో అడ్డం పడుతుంది. మందలో ఉంటే, ఉన్న గుర్రాల కంటే ఒక కుప్ప ఎక్కువగా, దూరం దూరంగా వేయండి, లేకపోతే బలమైనది తింటుంది, ముసలిది చూస్తుంది.

రెండు వారాలకోసారి బొచ్చులోకి వేళ్లు దూర్చి పక్కటెముకలు తడిమి చూడండి. గుర్రం ఎంత చిక్కిందో, ఎంత లావెక్కిందో చెప్పడానికి 1983లో హెన్నెక్ అనే పరిశోధకుడు రూపొందించిన 1 (బాగా చిక్కినది) నుంచి 9 (బాగా లావెక్కినది) దాకా ఉండే కొలబద్ద మీద చలికాలంలోకి 5 లేదా 6తో అడుగుపెడితే మంచిది, ఎముక చేతికి తగలాలి కానీ కంటికి కనపడకూడదు. రోజూ పొద్దున సాలలోకి వెళ్లగానే రాత్రి లద్దె ఎన్ని కుప్పలుందో, తొట్టిలో నీళ్లు ఎంత తగ్గాయో చూడండి. లద్దె తగ్గి, గట్టి ఉండల్లా ఎండి ఉండి, గుర్రం మేత ముట్టకుండా పక్కటెముకల వైపు తిరిగి తిరిగి చూసుకుంటుంటే ముందున్న మేతంతా తీసేసి వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి, ఆఖరిసారి ఎప్పుడు తిన్నదో, ఎంత తాగిందో, లద్దె ఎప్పుడు వేసిందో చెప్పడానికి సిద్ధంగా ఉండండి.